క్లయింట్ పోర్టల్, సొంత క్లౌడ్ సాఫ్ట్‌వేర్: చిన్న రిక్రూట్‌మెంట్ కన్సల్టెన్సీకి ఏం పోతుంది, ఏం మిగులుతుంది

మీ ప్రశ్న సారాంశం ఇది. మాదాపూర్‌లో పది పన్నెండు మందితో ఐటీ రిక్రూట్‌మెంట్ కన్సల్టెన్సీ నడుపుతున్నారు. ఇన్నాళ్లూ ఎక్సెల్ షీట్లు, మెయిళ్లు, వాట్సాప్ గ్రూపుల మీదే పని సాగింది. ఇప్పుడు మీ పెద్ద క్లయింట్లలో ఇద్దరు, ఇకమీదట రెజ్యూమెలన్నీ తమ వెండర్ పోర్టల్‌లోనే, అంటే మనుషుల్ని పంపే మీలాంటి కన్సల్టెన్సీల (వెండర్ల) కోసం వాళ్లు పెట్టిన వెబ్‌సైట్‌లోనే పెట్టాలని, హైరింగ్ మేనేజర్లకు నేరుగా ఫోన్ చేయకూడదని చెప్పారు. మరోపక్క మీ భాగస్వామి మీ ఆఫీసులోనూ క్లౌడ్ సాఫ్ట్‌వేర్ పెట్టాలని పట్టుబడుతున్నారు. ఏళ్ల తరబడి క్లయింట్లతో పెంచుకున్న చనువు, క్యాండిడేట్లకు మీ మీద ఉన్న నమ్మకం ఈ మార్పులో పోతాయా అన్నది మీ సందేహం.

క్లయింట్‌తో ఉన్న చనువులో కొంత పోతుంది, అది తప్పదు. క్యాండిడేట్ల నమ్మకం పోవడమా నిలవడమా అన్నది మాత్రం చాలావరకు మీ చేతిలోనే ఉంది. మన వృత్తిలో ఆదాయానికి మూలం ఏమిటో ఒక్కసారి నిజాయితీగా ఆలోచించండి. క్లయింట్‌కు తెలియని మనుషులు మనకు తెలుసు, క్యాండిడేట్‌కు తెలియని ఖాళీలు మనకు తెలుసు. ఎవరి బడ్జెట్ ఎంతో, ఎవరు ఎంతకు ఒప్పుకుంటారో ఇద్దరిలో ఎవరికీ పూర్తిగా తెలియకుండా మధ్యలో మనం ఉండేవాళ్లం. క్లౌడ్ వచ్చాక ఆ సమాచారంలో ఎక్కువ భాగం అందరి కళ్ల ముందుకూ వచ్చేసింది. దాచిపెట్టడం వల్ల వచ్చిన పరపతి ఇక నిలవదు. కంటికి కనిపిస్తున్న సమాచారానికి అర్థం చెప్పగలగడం, తెరమీద కనిపించనిదాన్ని మనిషితో మాట్లాడి తెలుసుకోగలగడం, ఈ రెండింటికీ మునుపటికన్నా విలువ పెరిగింది. కింద రాసేదంతా ఈ దృష్టితోనే చదవండి.

క్లయింట్లు ఈ నిర్ణయాన్ని మీ మీద అపనమ్మకంతో తీసుకున్నారని అనుకోవద్దు. ఉద్యోగాల వెబ్‌సైట్ నౌకరీ 1997లో మొదలైంది, మాదాపూర్‌లో ఐటీ కంపెనీల భవనం సైబర్ టవర్స్ 1998లో తెరుచుకుంది. ఆ తర్వాత చాలా ఏళ్లు ప్రతి కన్సల్టెన్సీ తన రెజ్యూమెల గుట్టను తన కంప్యూటర్లలోనే దాచుకుని అదే తన ఆస్తి అనుకునేది. సాఫ్ట్‌వేర్‌ను కొని కంప్యూటర్‌లో ఎక్కించుకునే బదులు బ్రౌజర్‌లో అద్దెకు వాడుకునే పద్ధతి బలపడ్డాక ఆ గుట్ట విలువ తగ్గుతూ వచ్చింది. నియామకాలు, హెచ్ఆర్ పనుల క్లౌడ్ సాఫ్ట్‌వేర్ అమ్మే టాలియోను ఒరాకిల్, సక్సెస్‌ఫ్యాక్టర్స్‌ను శాప్ 2012లో కొన్నాయి. ఈ రెండూ కంపెనీల జమాఖర్చుల సాఫ్ట్‌వేర్ చేసే సంస్థలు. 2014లో వెండర్లను నిర్వహించే సాఫ్ట్‌వేర్ ఫీల్డ్‌గ్లాస్ కూడా శాప్ చేతికి వచ్చింది. 2016లో మైక్రోసాఫ్ట్ లింక్డ్‌ఇన్‌ను 2,620 కోట్ల డాలర్లకు కొన్నది. అంటే నియామకాల వ్యవహారం హెచ్ఆర్ వాళ్ల సొంత ఫైలుగా ఉండటం మానేసి కంపెనీ జమాఖర్చుల వ్యవస్థలో ఒక భాగమైంది. ఖాళీకి అనుమతి, వెండర్ పంపిన పేరు, ఇంటర్వ్యూ, ఆఫర్, మీ ఇన్‌వాయిస్, చెల్లింపు, అన్నీ ఒకే తాడు మీద ఉండాలని వాళ్ల ఫైనాన్స్ విభాగం, ఆడిటర్లు కోరుకుంటారు. మీ హైరింగ్ మేనేజర్ మీకు ఎంత ఆప్తుడైనా, పోర్టల్‌లో లేని రెజ్యూమెకు బిల్లు పాస్ చేయించలేడు. అందుకని ఈ విషయంలో ఆయనను మొహమాటపెట్టకండి.

అయితే పోర్టల్ వల్ల క్లయింట్ వైపు నిజంగా పోయేది ఒకటుంది. అది సంభాషణ. మునుపు మేనేజర్ ఫోన్ చేసి, నలుగురు జావా వాళ్లు కావాలి అంటే, మనం నాలుగు ప్రశ్నలు వేసి అసలు సంగతి రాబట్టేవాళ్లం. పాత మనిషి ఎందుకు వెళ్లిపోయాడు, టీమ్‌లో ఎవరితో పనిచేయాలి, రాసిన పది నైపుణ్యాలలో ఏ మూడు లేకపోతే కుదరదు, ఇవన్నీ ఆ ఫోన్‌లోనే తేలేవి. ఇప్పుడు అదే రిక్వైర్‌మెంట్ ఎనిమిది మంది వెండర్లకు ఒకే నిమిషంలో ఒకే మాటలతో వస్తుంది. ఒక్కొక్కరు ఇద్దరినో ముగ్గురినో మాత్రమే పంపాలన్న పరిమితి ఉంటుంది. తిరస్కరిస్తే కారణం స్థానంలో జాబితా నుంచి ఎంచిన 'నాట్ సూటబుల్' అన్న రెండు మాటలే కనిపిస్తాయి. దాంతో రెండోసారి పంపే మనిషి విషయంలోనూ మనం చీకట్లోనే ఉంటాం.

దీనికి విరుగుడుగా ఒప్పందం మీద సంతకం చేసేటప్పుడే, ప్రతి కొత్త రిక్వైర్‌మెంట్‌కూ వెండర్లందరికీ కలిపి అయినా సరే పదిహేను నిమిషాల కాల్ ఉండాలని అడగండి. పోటీదారులు కూడా అదే కాల్‌లో ఉంటారని సంకోచించకండి, మంచి ప్రశ్న వేసినవాడి పేరు మేనేజర్‌కు గుర్తుంటుంది. రెండోది, పోర్టల్‌లో రెజ్యూమెతోపాటు వ్యాఖ్య రాయడానికి ఇచ్చే గడిని చాలామంది ఖాళీగా వదిలేస్తారు, లేదా రెజ్యూమెలోని మొదటి పేరానే అందులో అతికిస్తారు. మేనేజర్‌తో మీకు మిగిలిన ఏకైక మార్గం అదే కాబట్టి దాన్ని జాగ్రత్తగా వాడండి. ఈయనకు స్ప్రింగ్ బూట్‌లో అనుభవం పుష్కలంగా ఉంది, క్లౌడ్ డిప్లాయ్‌మెంట్ స్వయంగా చేయలేదు, 60 రోజుల నోటీస్‌లో ఉన్నారు, ఇల్లు ఉప్పల్‌లో కాబట్టి వారానికి ఐదు రోజులు గచ్చిబౌలికి రావడం గురించి ముందే అడిగాను, ఒప్పుకున్నారు అని నాలుగు వాక్యాలు రాస్తే, అది చదివిన మేనేజర్ తర్వాతి రిక్వైర్‌మెంట్‌లో మీ పేరు వెతుక్కుంటాడు. లోపాన్ని కూడా రాయడం ముఖ్యం. అది లేని వ్యాఖ్యను ఎవరూ నమ్మరు.

పోర్టల్ మీకు మార్కులు కూడా వేస్తుంది. పంపినవాళ్లలో ఎందరు ఇంటర్వ్యూకు వెళ్లారు, ఎందరికి ఆఫర్ వచ్చింది, ఎందరు చేరారు, మొదటి రెజ్యూమె ఎన్ని గంటల్లో వచ్చింది అన్నవి క్లయింట్ వెండర్ మేనేజర్ తెరమీద పట్టికగా కనిపిస్తాయి. ఈ లెక్కలో వేగానికి ఎక్కువ ప్రాధాన్యం ఉంటుంది కనుక చేతికందిన రెజ్యూమెలన్నీ తోసేసేవాళ్లు మొదట్లో ముందుంటారు. చేరినవాళ్ల నిష్పత్తి కొన్ని నెలలు గడిస్తే గాని బయటపడదు. ఆ లోపు మీరు జాబితాలో కిందికి జారిపోకుండా ఉండాలంటే మీ లెక్కలు మీ దగ్గర ఉండాలి. మూడు నెలలకోసారి సమీక్షా సమావేశం అడిగి, పోర్టల్‌లో లేని వివరాలు, అంటే ఆఫర్ వదులుకున్నవాళ్లు ఎందుకు వదులుకున్నారు, ఏ ప్యాకేజీ దగ్గర మనుషులు వెనకాడుతున్నారు వంటివి వాళ్ల ముందు పెట్టాలి. మీ భాగస్వామి అడుగుతున్న సొంత సాఫ్ట్‌వేర్ అవసరం ముఖ్యంగా ఇక్కడే. ఎక్సెల్‌లో ఈ లెక్క తీయడం అసాధ్యమేమీ కాదు, కాని పన్నెండు మంది పన్నెండు రకాలుగా నింపిన షీట్ల నుంచి ఎవరూ తీయరు.

ఇక అసలైన గొడవ, ఫలానా క్యాండిడేట్ ఎవరి క్యాండిడేట్ అన్నది. మునుపు ఇద్దరు వెండర్లు ఒకే మనిషిని పంపితే మెయిల్ సమయం చూసేవారు, అదీ తేలకపోతే మేనేజర్ ఎవరి మీద అభిమానం ఉంటే వారికి తీర్పు ఇచ్చేవాడు. ఇప్పుడు పోర్టల్‌లో పడిన సమయమే ప్రమాణం, సెకను తేడాతో ఒకరికి ఫీజు, మరొకరికి శూన్యం. ఆ హక్కు సాధారణంగా ఆరు నెలలో, ఏడాదో ఉంటుంది, ఒప్పందాన్ని బట్టి మారుతుంది. చూడటానికి న్యాయంగానే ఉంది. కాని దీనివల్ల పుట్టిన దురలవాటు ఏమిటంటే, క్యాండిడేట్‌తో మాట్లాడకుండానే, నౌకరీలో కనిపించిన రెజ్యూమెను దించుకుని వెంటనే పోర్టల్‌లో పెట్టేసి, ఆ తర్వాత ఫోన్ చేయడం. తన పేరు తనకు తెలియకుండా ఒక కంపెనీకి వెళ్లిందని తెలిసిన క్యాండిడేట్, ముఖ్యంగా అదే కంపెనీలో తన స్నేహితుడి ద్వారా రిఫరల్ పెట్టించుకుందామనుకున్నవాడు, ఇక జన్మలో మీ ఫోన్ ఎత్తడు. చాలా కంపెనీల్లో ఒకే పేరు రెండు వైపుల నుంచి వస్తే వివాదం తేలేదాకా ఆ దరఖాస్తును పక్కన పెడతారు, కొన్నిచోట్ల మొత్తానికే తీసేస్తారు. వెండర్లు ఫీజు కోసం కొట్టుకుంటే ఉద్యోగం పోయేది క్యాండిడేట్‌కే.

ఈ విషయంలో అమెరికా బెంచ్ సేల్స్ చేసే మనవాళ్లకు అనుభవం ఎక్కువ. అమీర్‌పేటలోనో కూకట్‌పల్లిలోనో రాత్రంతా కూర్చుని టెక్సాస్, న్యూజెర్సీలోని తెలుగు కన్సల్టెంట్లకు కాంట్రాక్టులు వెతికే రిక్రూటర్లు, ఫీల్డ్‌గ్లాస్, బీలైన్ వంటి వెండర్ వ్యవస్థలతో రోజూ తలపడతారు. అక్కడ ప్రతి సబ్‌మిషన్‌కు ముందు, ఫలానా క్లయింట్‌కు ఫలానా రేటుకు నన్ను మీరే ప్రతిపాదించవచ్చు అని కన్సల్టెంట్ నుంచి మెయిల్ తీసుకుంటారు. దాన్నే ఆర్టీఆర్ (రైట్ టు రిప్రజెంట్) అంటారు. మధ్యలో రెండు మూడు అంచెల వెండర్లు ఉండటంతో చివరి క్లయింట్ ఎవరో చెప్పకుండానే ఆర్టీఆర్ అడిగేవాళ్లూ ఉన్నారు. అలా ఇచ్చిన కన్సల్టెంట్ తెలియక ఇంకొకరికి కూడా ఇస్తే, డబుల్ సబ్‌మిషన్ అని ఇద్దరి దరఖాస్తులూ పోతాయి. అందులోని మంచిని మాత్రం మీరు ఇక్కడ అమలు చేయండి. క్లయింట్ పేరు, ఉద్యోగం పేరు స్పష్టంగా రాసి, క్యాండిడేట్ నుంచి మెయిల్‌లో గాని మెసేజ్‌లో గాని సమ్మతి వచ్చాకే పోర్టల్‌లో పెట్టాలన్న నియమం ఆఫీసులో అందరికీ వర్తించాలి. కొన్ని పేర్లు సెకన్ల తేడాతో చేజారతాయి. పోనివ్వండి.

క్లయింట్‌తో ఒప్పందంలో ఇంకో వాక్యం కూడా అడగండి. మూడేళ్ల కిందట కెరీర్స్ పేజీలో దరఖాస్తు పెట్టి మరిచిపోయిన మనిషిని మీరు వెతికి, ఒప్పించి, పంపితే, ఈయన మా డేటాబేస్‌లో ముందే ఉన్నాడని ఫీజు ఎగ్గొట్టే వెసులుబాటు పోర్టల్ క్లయింట్‌కు ఇస్తుంది. గత ఆరు నెలల్లో కంపెనీ ఆ మనిషిని స్వయంగా సంప్రదించి ఉంటేనే పాత నమోదు చెల్లుతుందని రాయించుకోవాలి. అడిగితే పెద్ద కంపెనీలు కూడా చాలాసార్లు ఒప్పుకుంటాయి, చిక్కేమిటంటే ఎవరూ అడగరు.

ఫీజు సంగతికి వస్తే, లింక్డ్‌ఇన్‌లో మాకూ కనిపించే మనిషికి 8.33 శాతం ఎందుకివ్వాలి అన్న ప్రశ్న మీకూ ఎదురయ్యే ఉంటుంది. పన్నెండు లక్షల ప్యాకేజీకి సుమారు లక్ష రూపాయలు, పైన 18 శాతం జీఎస్టీ అంటే క్లయింట్‌కు అది చిన్న మొత్తమేమీ కాదు. మనిషిని కనిపెట్టినందుకే ఆ డబ్బు అని మీరు వాదిస్తే ఓడిపోతారు. మన ఐటీ పరిశ్రమలో 90 రోజుల నోటీస్ పీరియడ్ ఉన్నంతకాలం అసలు పని ఆఫర్ వచ్చాకే మొదలవుతుంది. పోర్టల్‌లో 'ఆఫర్ యాక్సెప్టెడ్' అని ఆకుపచ్చ రంగులో కనిపిస్తూ ఉంటుంది. ఆ మూడు నెలల్లో క్యాండిడేట్ ఆ ఆఫర్ లెటర్‌ను చూపించి ఇంకో రెండు చోట్ల బేరమాడుతుంటాడు, పాత కంపెనీ జీతం పెంచుతామంటుంది, ఇంట్లో వాళ్లు బెంగళూరు ఎందుకు, ఇక్కడే ఉండమంటారు. ఇవేవీ ఏ డ్యాష్‌బోర్డులోనూ కనిపించవు. వారానికోసారి ఫోన్ చేసే రిక్రూటర్‌కు మాత్రం తెలుస్తాయి. రాజీనామా పెట్టారా, దాన్ని మేనేజర్ ఆమోదించిన మెయిల్ వచ్చిందా, చివరి పనిదినం తేదీ ఖాయమైందా అని ఒక్కొక్కటీ అడగాలి. ల్యాప్‌టాప్ ఎప్పుడిస్తారు, క్యాబ్ ఉంటుందా, షిఫ్ట్ ఏమిటి అని విసిగించే క్యాండిడేట్ దాదాపు ఖాయంగా చేరతాడు. ప్రశ్నలు మానేసి, అన్నిటికీ సరేనండి అంటున్నవాడి గురించే కంగారు పడాలి. ఆ అనుమానాన్ని క్లయింట్‌కు నెల ముందే చెప్పగలిగితే, ఆ లక్ష రూపాయలు దేనికో మళ్లీ వివరించాల్సిన పని ఉండదు. చేరకపోవచ్చు అని చెబితే చెడ్డపేరు వస్తుందని భయపడి చివరి రోజు దాకా దాచే కన్సల్టెన్సీలే ఎక్కువ. పోర్టల్ కాలంలో ఆ దాపరికం మీ మార్కుల్లోనే తేలుతుంది.

క్యాండిడేట్ల వైపు, మీ సొంత సాఫ్ట్‌వేర్ పెట్టిన వెంటనే ఎదురయ్యేది ఆటోమేటిక్ మెయిళ్ల ప్రలోభం. దరఖాస్తు అందిందని, ఇంటర్వ్యూ సమయం ఇదని, లింక్ ఇదని పంపడానికి అవి బాగా పనికొస్తాయి. తిరస్కరణకు మాత్రం, కనీసం ఒక రౌండ్ ఇంటర్వ్యూ ఇచ్చినవాళ్ల విషయంలో, ఆ సదుపాయాన్ని ఆపేయండి. మూడు రౌండ్లు వెళ్లి, సెలవు పెట్టి ఆఫీసుకు వచ్చిన మనిషికి జవాబు ఇవ్వడానికి వీల్లేని చిరునామా నుంచి అర్ధరాత్రి రెండు వాక్యాల మెయిల్ వస్తే, అది పంపింది క్లయింట్ వ్యవస్థ అయినా సరే, కోపం మీ మీదే ఉంటుంది. కొన్ని క్లయింట్ పోర్టళ్లు స్థితి మారిన క్షణమే క్యాండిడేట్‌కు మెయిల్ పంపేస్తాయి కాబట్టి, మీకు సమాచారం వచ్చిన రోజే ఫోన్ చేసే అలవాటు ఉండాలి. క్యాండిడేట్లు మన మీద చెప్పే ఫిర్యాదుల్లో మొదటిది ఎప్పుడూ ఒకటే, ఏ సంగతీ చెప్పరు అని. సొంత సాఫ్ట్‌వేర్ ఉంటే పది రోజులుగా ఏ కబురూ అందనివాళ్ల జాబితా ఒక్క నొక్కుతో వస్తుంది. ప్రతి శుక్రవారం ఆ జాబితా తీసి, చెప్పడానికి ఏమీ లేకపోయినా ఏమీ లేదనే చెప్పమని మీ రిక్రూటర్లకు పని పెట్టండి. సాఫ్ట్‌వేర్ మీద పెట్టిన ఖర్చులో సగం దీనివల్లే తిరిగొస్తుంది.

మన పేర్లతో ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది, సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లు దీని గురించి చెప్పరు. రెజ్యూమె నుంచి పేరు, ఫోన్, చదువు వాటంతటవే తీసుకునే పార్సర్లు ఇంటిపేరు చివర ఉంటుందని అనుకుంటాయి. మనవాళ్లు టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందు రాస్తారు, ఆధార్‌లో ఒక్క అక్షరంగా కుదిస్తారు, పాస్‌పోర్టులో చివరికి మారుస్తారు, లింక్డ్‌ఇన్‌లో అసలు తీసేస్తారు. ఒకే వెంకట సాయి కుమార్ మీ డేటాబేస్‌లో ముగ్గురుగా తయారవుతాడు, ముగ్గురు వేర్వేరు వెంకట సాయి కుమార్‌లు ఒక్కడుగా కలిసిపోయే ప్రమాదమూ ఉంది. డూప్లికేట్లను పేరుతో కాకుండా ఫోన్ నంబరు, మెయిల్ చిరునామాతో పోల్చేలా మొదటిరోజే అమర్చుకోండి. పాస్‌పోర్టులో ఉన్న పేరును విడిగా ఒక గడిలో రాయించండి, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ సమయంలో ఎంతో శ్రమ తప్పుతుంది.

ఆ వెరిఫికేషన్ కూడా ఇప్పుడు ఆన్‌లైన్ రికార్డుల మీదే నడుస్తోంది. 2014లో పీఎఫ్‌కు యూఏఎన్, అంటే ఉద్యోగం మారినా మారని ఒకే ఖాతా సంఖ్య వచ్చింది, 2015లో సర్టిఫికెట్లను ఆన్‌లైన్‌లో దాచుకునే డిజిలాకర్ వచ్చింది. పాత కంపెనీకి ఫోన్ చేసి కనుక్కునే రోజుల్లో చెల్లిన దొంగ అనుభవ పత్రాలు, పీఎఫ్ సర్వీస్ హిస్టరీ అడిగిన నిమిషంలో బయటపడుతున్నాయి. ఒకేసారి రెండు ఉద్యోగాలు చేసినవాళ్ల విషయమూ అంతే. 2022లో అలా దొరికిన 300 మందిని తొలగించామని విప్రో ప్రకటించాక క్లయింట్లందరూ దీని మీద దృష్టి పెట్టారు. మన నగరంలో కొందరు రిక్రూటర్లు ఇలాంటి పత్రాలను చూసీ చూడనట్టు వదిలేసేవారన్నది అందరికీ తెలిసిన విషయమే, వాళ్లు ఈ వృత్తికి చేసిన చేటు ఇంకా పూర్తిగా తీరలేదు. మీరు మొదటి ఫోన్‌లోనే, మీ సర్వీస్ హిస్టరీ మీరే డౌన్‌లోడ్ చేసుకుని తేదీలు సరిచూసుకోండి, తేడా ఉంటే నాకు ముందే చెప్పండి అని మర్యాదగా అడగండి. నిజంగా ఏడాది ఖాళీ ఉన్నవాళ్లు, పాత యజమాని పీఎఫ్ కట్టని చిన్న కంపెనీలో చేసినవాళ్లు ఈ ప్రశ్నకు ఊపిరి పీల్చుకుంటారు, ఎందుకంటే ఆ సంగతి క్లయింట్‌కు ముందుగానే వివరించే అవకాశం దొరుకుతుంది. వాళ్ల పాస్‌వర్డు, ఓటీపీ మాత్రం ఏ పరిస్థితిలోనూ అడగకూడదు, మీ రిక్రూటర్లను అడగనివ్వకూడదు.

క్లయింట్ వ్యవస్థలు రెజ్యూమెలకు తమంతట తామే ర్యాంకులు వేయడం గురించి కూడా మీరు అడిగారు. అమెరికాలో హెచ్ఆర్ సాఫ్ట్‌వేర్ కంపెనీ వర్క్‌డే మీద 2023లో మొదలైన దావాలో, దరఖాస్తులను వడపోసే సాఫ్ట్‌వేర్ కంపెనీని యజమాని ఏజెంటుగా చూడవచ్చన్న వాదనను కోర్టు 2024 జూలైలో విచారణకు అనుమతించింది. 2025 మేలో నలభై ఏళ్లు పైబడిన దరఖాస్తుదారుల తరఫున అది ఉమ్మడి కేసుగా సాగడానికి ప్రాథమిక అనుమతి వచ్చింది. న్యూయార్క్ నగరం 2023 జూలై నుంచి ఇలాంటి సాధనాలకు పక్షపాత పరీక్ష తప్పనిసరి చేసింది. మీ క్లయింట్లకు అమెరికా మాతృసంస్థలు ఉంటే ఈ ప్రశ్నలు మీదాకా వస్తాయి. ఇక్కడ మీరు చేయగలిగింది చిన్నదే గాని విలువైనది. పిల్లల కోసం మూడేళ్లు ఆగి మళ్లీ వస్తున్న మహిళనో, టెన్త్ నుంచి 60 శాతం అన్న నిబంధన దగ్గర ఒక్క ఇంటర్మీడియట్ మార్కుల వల్ల ఆగిపోయే మంచి ఇంజినీరునో వ్యవస్థ తీసేస్తుందని తెలిసినప్పుడు, ముందే వెండర్ మేనేజర్‌కు రెండు వాక్యాలు రాసి మినహాయింపు అడగండి. పదిసార్లు అడిగితే రెండుసార్లు ఇస్తారు. ఆ ఇద్దరూ మిమ్మల్ని మరిచిపోరు.

ఇక చట్టం. 2023 ఆగస్టులో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, ప్రధాన బాధ్యతలకు 18 నెలల గడువు ఇచ్చారు. డేటా ఉన్నది సాఫ్ట్‌వేర్ కంపెనీ సర్వర్‌లో కాబట్టి బాధ్యత వాళ్లదేనని చాలామంది అనుకుంటున్నారు. అది పొరపాటు. ఎందుకు సేకరించాలో నిర్ణయించేది మీరు కనుక జవాబు చెప్పాల్సింది మీరే. తగిన భద్రత పాటించకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండవచ్చు. సమ్మతి కోరే నోటీసును ఇంగ్లీషులోనే కాక తెలుగులోనూ చదువుకునే వీలు క్యాండిడేట్‌కు ఉండాలి, తన సమాచారం చూపించమని, సరిదిద్దమని, తుడిచేయమని అడిగే హక్కూ ఉంటుంది. కాబట్టి క్యాండిడేట్ పేరు కింద రాసే నోట్స్ ఆ మనిషి చదివినా తలదించుకోనక్కర్లేని విధంగా ఉండాలి. పెళ్లి కుదిరింది, మానేస్తుందేమో వంటి మాటలు చట్టం లేకపోయినా రాయకూడనివే. సైబర్ ప్రమాదం జరిగితే ఆరు గంటల్లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలపాలన్న ఆదేశం 2022 నుంచే ఉంది.

డేటా బయటికి పోయేది మాత్రం ఎక్కువగా హ్యాకర్ల వల్ల కాదు. ఉద్యోగం మారే రిక్రూటర్ ఫోన్‌లోని వాట్సాప్ ద్వారా పోతుంది. క్యాండిడేట్లతో మాటలన్నీ రిక్రూటర్ సొంత నంబరు మీద సాగితే, ఆ అమ్మాయి పక్క కన్సల్టెన్సీకి వెళ్లిన రోజున సంబంధం కూడా వెళ్లిపోతుంది, మీ సాఫ్ట్‌వేర్‌లో ఖాళీ గడులు మిగులుతాయి. కంపెనీ పేరు మీద తీసుకున్న నంబర్లకే మెసేజ్‌లను మళ్లించండి, నౌకరీ లాగిన్‌ను ముగ్గురు పంచుకునే పద్ధతి మానేయండి, మానేసినవారి లాగిన్ అదే రోజు మూసేయండి.

సాఫ్ట్‌వేర్ ఎంపికలో జోహో రిక్రూట్ తీసుకోవాలా, బుల్‌హార్న్ తీసుకోవాలా అన్న దాని మీద నాకు గట్టి అభిప్రాయం లేదు, మీ పరిమాణానికి రెండింటిలో ఏదైనా సరిపోతుంది, నెలకు ఒక్కో యూజర్‌కు ఎంత పడుతుందో చూసుకోండి. ట్రయల్ సమయంలోనే యాభై మంది క్యాండిడేట్లను ఎక్కించి, నోట్స్, మెయిళ్లు, జత చేసిన రెజ్యూమెలతో సహా మొత్తం సమాచారాన్ని బయటికి దించి చూడండి. పేర్లు, ఫోన్ నంబర్లు మాత్రమే వచ్చి, ఎవరితో ఎప్పుడు ఏం మాట్లాడారో రాకపోతే ఆ సాఫ్ట్‌వేర్ వద్దు. పాత హార్డ్ డిస్కుల్లోని రెజ్యూమెలన్నీ ఎక్కించాలన్న కోరికను మీ భాగస్వామి దగ్గర ఇప్పుడే ఆపండి. గత రెండేళ్లలో మీతో మాట్లాడినవాళ్లను మాత్రమే తీసుకుని, వాళ్లకు ఒక మెయిల్ పంపి, ఒప్పుకున్నవాళ్లతో మొదలుపెట్టండి. రెండు క్లయింట్ ఒప్పందాల మీద సంతకం ఈ పని అయ్యేదాకా ఆపాల్సిన అవసరం లేదు, కాని పాత నమోదుకు ఆరు నెలల పరిమితి, రిక్వైర్‌మెంట్‌కు ఒక కాల్, మూడు నెలలకు ఒక సమీక్ష, ఈ మూడింటిని వాళ్లకు ఈ వారంలోనే మెయిల్‌లో రాసి పంపండి. పోర్టల్‌లో మీ వెండర్ ఖాతా తెరిచాక ఎవరూ ఒప్పందం మళ్లీ తీయరు.